దుకాణం చెక్కల పడవ

రంగమ్మత్త పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున, కంభం చెరువు పక్కన ఒక గొర్రెల దొడ్డి ముందు నిలబడిపోయాను. రంగమ్మత్త మాకు చుట్టం కాదు. మార్కాపురంలో మా పక్కింటావిడ. చివరి రోజుల్లో చెరువు దగ్గరి పల్లెలో కూతురి ఇంట ఉండి అక్కడే పోయింది. బస్సు మధ్యాహ్నానికి గానీ లేదంటే, టీ తాగి చెరువు వైపు నడిచాను. దొడ్డి ముందు గొర్రెలు నీళ్ళు తాగే తొట్టి ఒకటి సగం దాకా మట్టిలో పాతి ఉంది. చెక్క తొట్టి. మా వైపు తొట్టి అంటే రాతిది, లేకపోతే సిమెంటుది. చెక్కతో ఎవరూ చెయ్యరు. పైగా తొట్టికి ముక్కు ఉండదు. దీనికి ఉంది. ఒక కొస వెడల్పుగా, రెండో కొస సన్నబడుతూ పైకి లేచి ఉంది. మధ్యలో అడ్డంగా ఒక బల్ల, బల్ల మీద ఒక సత్తు చెంబు. అరవై దాటిన మనిషిని, ముందు చేసిన పని ఏమిటంటే, ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను. సిగ్గుకు వయసు రాదని అప్పుడు తెలిసింది.

మా నాయనకు మార్కాపురం బజారులో ఇనుప సామాను దుకాణం. మేకులు, బోల్టులు, గడియలు, తారు డబ్బాలు, అవిసె నూనె, లప్పం. నాయన ఇంటికి వచ్చినాడంటే ముందు ఆ వాసన వచ్చేది, తర్వాత ఆయన వచ్చేవాడు. అప్పటి దుకాణాలకు ఇప్పటిలా షట్టర్లు లేవు. నిలువు చెక్కలు ఉండేవి. కిందా మీదా గాడి. పొద్దున ఒక్కొక్క చెక్కనూ గాడిలోంచి జరిపి తీసి గోడకు ఆనించడం, రాత్రి మళ్ళీ వరసగా దూర్చి అడ్డకమ్మీ వేసి తాళం పెట్టడం. ఒక చెక్క ఇంకో చెక్క చోట పట్టదు కాబట్టి మా తాత వాటి మీద నల్లరంగుతో అంకెలు వేయించాడు. మొత్తం తొమ్మిది. తొమ్మిదోది ఆఖరున దూరేది, పొద్దున మొదట వచ్చేది. నాయన దాన్ని చేతుల్లోకి తీసుకోగానే కళ్ళకు అద్దుకునేవాడు. శుక్రవారం అమ్మ పసుపూ కుంకుమా ఇచ్చి పంపేది, ఆ తొమ్మిదింటికీ బొట్టు పెట్టేవాడు. ఇంట్లో దేవుడి పటాలకు ఎంత మర్యాదో ఆ చెక్కలకూ అంతే. మా తమ్ముడు ఒకసారి గోడకు ఆనించిన చెక్క మీద కాలు పెట్టినందుకు దెబ్బలు తిన్నాడు. నాయన మమ్మల్ని కొట్టింది నాకు గుర్తున్నంతలో ఆ ఒక్కసారే.

మేకులు పొట్లం కట్టడానికి నాయన చిత్తు కాగితాలు తూకానికి కొనేవాడు. ఎక్కడెక్కడి కాగితాలో వచ్చేవి. పరీక్ష పేపర్లు, పంచాంగాలు, ఇంగ్లీషు పుస్తకాల పేజీలు. చింపే ముందు ప్రతి కాగితాన్నీ చదవడం ఆయనకు అలవాటు. గిరాకీ ఎదురుగా నిలబడి ఉన్నా సరే. "శెట్టిగారూ, మేకులు అడిగినాను గానీ వార్తలు అడగలేదు" అనేవాళ్ళు. అట్ల ఒక రోజు ఇంగ్లీషు పత్రిక పేజీలు కొన్ని దొరికినాయి. ఎవరి ఇంట్లో వాళ్ళు చేసుకోగల చిన్న పడవ బొమ్మలు. అడ్డంగా కోసినట్టు ఒకటి, నిలువుగా కోసినట్టు ఒకటి, అడుగులూ అంగుళాలూ వేసి. తెడ్లతో నడపొచ్చు, గాలి ఉంటే తెరచాప ఎత్తుకోవచ్చు. ముగ్గురు పడతారు. మార్కాపురానికి సముద్రం ఎంత దూరమో ఆకాశమూ ఇంచుమించు అంతే. నాయన కార్తీక స్నానానికని ఒక్కసారి సముద్రానికి పోయి, స్నానం మరచి పడవలు చూస్తూ ఒడ్డున కూర్చున్నాడట. అమ్మ ఆ సంగతి నవ్వుతూ చెప్పేది. బొమ్మలు దొరికిన రాత్రి అన్నం ముందు కూర్చుని, "కొలతలన్నీ ఉండాయి" అన్నాడు. "దేనికి?" అంది అమ్మ. ఆ పత్రికలో మిగతా పేజీలు అప్పటికే మేకులతో పాటు ఏ యర్రగొండపాలెమో, పెద్దారవీడో పోయినాయి. ఏ చెక్క వాడాలో, చేసినాక ఏం చెయ్యాలో ఆ పేజీల్లో ఉండి ఉంటుంది.

ఆ ఏడే దుకాణానికి షట్టరు వచ్చింది. బజారంతా పెట్టించుకుంటుంటే నాయనకూ తప్పలేదు. చెక్కలు ఇంటికి వచ్చి దొడ్లో గోడ పక్కన నిలబడినాయి. బొట్టు పెట్టిన చెక్కల్ని పొయ్యిలో పెట్టలేం, అమ్మలేం. అమ్మ వాటిని చూసినప్పుడల్లా, పని చాలించుకొని వచ్చి నిలబడిన పెద్దవాళ్ళను చూసినట్టు కొంగు సర్దుకునేది. నాయన మాత్రం వాటిలో పడవను చూశాడు. వడ్రంగి బ్రహ్మయ్యను పిలిపించాడు. బ్రహ్మయ్య బొమ్మల కాగితం తిరగేసి మరగేసి, "ద్వారబంధం చెయ్యమంటే చేస్తా, మంచం చెయ్యమంటే చేస్తా. ఇది చేస్తే నా చేతిపని చూడను నీళ్ళు యాడుండాయి శెట్టీ?" అన్నాడు. అయినా చేశాడు. ఎండాకాలం మూడు వంతులు ఆ దొడ్లో సుత్తి చప్పుడే. చెక్కల్ని అంకెల వరసలోనే కొట్టాలని నాయన పట్టు. రెండో చెక్క పక్కన అయిదోది బాగా కూర్చుంటుందని బ్రహ్మయ్య నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. "వరస తప్పితే దుకాణం తప్పినట్టే" అన్నాడు. ఇంకో చిక్కు వచ్చింది. బొట్టు పెట్టిన వైపు కాళ్ళు పడకూడదు. అందుకని అంకెలున్న ముఖాలన్నీ బయటికి తిప్పి, లోపలి వైపే చిత్రిక పట్టించి, బయటా లోపలి సందుల్లోనూ తారు పూయించాడు. మిగిలిన తొమ్మిదో చెక్కే కూర్చునే బల్ల. దాని మీద కూర్చోవడమంటే ఆయన ప్రాణం ఒప్పుకోలేదు. రెండు రోజులు ఆలోచించి, అంకె ఉన్న ముఖం కిందికి వచ్చేట్టు దాన్ని బోర్లా వేయించాడు. తారు దానికి పూయనివ్వలేదు.

తొలకరికి ముందే పడవ తయారైంది. అంత పెద్ద వస్తువును ఎవరికీ తెలియకుండా చేసి, ఎవరికీ తెలియకుండా నీళ్ళలో దించి ఉంటే మా కథ వేరుగా ఉండేది. నాయనకు అది చేతకాదు. దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. లారీ మాట్లాడి, పడవకు పూలదండ వేసి, డప్పు పెట్టించి కంభం చెరువుకు తీసుకుపోయాడు. వెనక ఇంకో లారీ నిండా జనం. కొబ్బరికాయ కొట్టాడు. తెడ్లు పట్టుకొని ఎక్కాడు. నలుగురు నెట్టారు. పడవ కాస్త దూరం పోయింది, ఆగింది. తర్వాత, ఎండకు అలసిన గేదె మడుగులోకి దిగి కూర్చున్నట్టు, ఏ తొందరా లేకుండా కూర్చుంది. మోకాటి లోతు నీళ్ళు. నాయన బల్ల మీద అట్లనే కూర్చుని ఉన్నాడు, నడుము దాకా తడిసి, తెడ్లు ఇంకా చేతుల్లోనే ఉన్నాయి. జనంలోంచి ఎవరో అరిచారు. "శెట్టీ, పడవ నీళ్ళల్లో ఉండాదా, నీళ్ళు పడవలో ఉండాయా?" డప్పు వాయించేవాడు నవ్వలేక నవ్వలేక డప్పు కింద పెట్టేశాడు. అదే లారీలో, అదే పూలదండతో పడవను వెనక్కి తెచ్చాం. బజారు గుండా రావడం తప్ప ఇంకో దారి లేదు.

ఆ రోజు నుంచి నాయన పడవ శెట్టి. నేను పడవ శెట్టి కూతుర్ని. మార్కాపురంలో పలకలకు కరువా? బళ్ళో ఏ పలక తిప్పినా వెనక పడవ బొమ్మే. నేను గదిలోకి రాగానే వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు "ఓహో హైలెస్సా" అనేవాళ్ళు. పదో తరగతి పిల్లను. నడుచుకుంటూ పోతుంటే వెనక ఎవరు నవ్వినా నన్నే అనిపించే వయసు. నాయన దుకాణం ముందు నుంచి పోవాల్సి వస్తుందని బజారు చుట్టూ తిరిగి బడికి పోయేదాన్ని.

నాయన ఓడిపోయానని అనుకోలేదు. పది రోజులు మాట్లాడకుండా పడవ చుట్టూ తిరిగి, ఒక సాయంత్రం ఉన్నట్టుండి అన్నాడు. "ఎండిన బండి చక్రాన్ని ఏం చేస్తారు? వాగులో పడేస్తారు. చెక్క నీళ్ళు తాగి ఉబ్బుతాది, చుట్టూ ఇనుప పట్టా బిగుస్తాది. మన చెక్కలు ముప్పై నలభై ఏండ్లు ఎండలో నిలబడినాయి. వాటికి నీళ్ళు పట్టియ్యాల." నిజమే. కానీ వాగు ఎక్కడ? ఆ ఏడు వాన మొహం చాటేసింది. బావిలో బొక్కెన వేస్తే రాయి తగిలిన చప్పుడు. మూడు రోజులకోసారి కొళాయి వచ్చేది, అదీ సన్నగా. కొళాయి దగ్గర రాత్రే వంతులు పెట్టుకునేవాళ్ళు. బిందె పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారని మా వీధిలో పలక ముక్క పెట్టేవాళ్ళు. పలకల ఫ్యాక్టరీల దగ్గర పారేసిన ముక్కలు ఎక్కడ చూసినా పడి ఉండేవి కదా, ఒక్కో ఇంటిది ఒక్కో గుర్తు. రంగమ్మత్తది చిలక. మాది అమ్మ గీసిన తామరపువ్వు. తెల్లారేటప్పటికి ఆ ముక్కల వరస ఎట్ల ఉంటే ఆడవాళ్ళు అట్ల నిలబడేవాళ్ళు. అమ్మకు ఆ వరసలో మూడో నాలుగో చోటు. పెళ్ళై వచ్చినప్పటి నుంచి ఆ వీధిలో ఆమె సంపాదించుకున్నది ఏదైనా ఉందంటే ఆ చోటే. ఆ చోట నిలబడి మాట్లాడుకున్న మాటలే ఆమెకు లోకం.

నాయన ఎవరికీ చెప్పకుండా రెండు నీళ్ళ బండ్లు మాట్లాడినాడు. మిట్టమధ్యాహ్నం ఎద్దుల గంటలు విని వీధిలో ఆడవాళ్ళందరూ బిందెలతో బయటికి వచ్చారు. బండివాడు మా దొడ్డి తలుపు తీయించి, రబ్బరు పైపు పడవలో పెట్టి, పీపా బిరడా తీశాడు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. నీళ్ళు పడుతున్న ఆ చప్పుడు తప్ప వీధిలో ఏ చప్పుడూ లేదు. ఎండి నోరు తెరిచిన చెక్కల సందుల్లోంచి కొన్ని కారిపోయి దొడ్లో మట్టి తడిసింది. తడి మట్టి వాసన వచ్చింది. అంతకంటే చెడ్డ వాసన ఆ రోజు ఇంకోటి లేదు. తలుపు దగ్గర ఖాళీ బిందె చంకన పెట్టుకొని నిలబడిన రంగమ్మత్త అంది. "ఏంది వదినా, మీ పడవకు దప్పికైందా?"

ఎవరూ పెద్దగా నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. అమ్మ లోపలికి వచ్చి, తాగే నీళ్ళ కుండ మీద మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది. నాయన వచ్చాక ఒకటే అడిగింది.

"ఆ నీళ్ళు ఎవరికన్నా ఇయ్యచ్చా?"

"తారు పూసినాం గదే. పశువులు గూడా తాగవు."

"పోసేముందు నాకు చెప్పింటే?"

"చెప్తే పొయ్యనిస్తువా?"

తర్వాతి కొళాయి రోజు పొద్దున అమ్మ పలక ముక్క వరస చివర ఉంది. తామరపువ్వు చెరిపి ఎవరో దాని మీద బలపంతో పడవ గీశారు. అమ్మ కొంగుతో తుడిచి, చివరనే నిలబడింది. వంతు వచ్చేసరికి కొళాయి గాలి కొట్టింది. "మీకేంలే వదినా, మీకు పడవ నిండా ఉండాయి" అన్నారట. ఖాళీ బిందెలు చంకన పెట్టుకొని అమ్మ నడిచి వచ్చిన తీరు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. నిండు బిందెలు మోసేటప్పుడు నిటారుగా నడిచేది. ఖాళీ బిందెలకు వంగిపోయింది. ఆ మరుసటి కొళాయికీ అంతే. తుడిచినా మళ్ళీ పడవే గీసేవాళ్ళు. మేం బోరింగు ఉప్పు నీళ్ళు తాగాం. నాయన మాత్రం రోజూ పొద్దున పడవ చుట్టూ తిరిగి సందులు వేలితో తడిమేవాడు. "మూడోదీ నాలుగోదీ కలిసినాయి" అని ఎవరికీ కాకుండా చెప్పేవాడు.

ఈ ముడి విప్పింది మళ్ళీ రంగమ్మత్తే. ఒక రోజు రెండు బకెట్లతో నేరుగా మా దొడ్లోకి వచ్చి, పడవలో ముంచుకుంది. "తాగను పనికిరాకుంటే ఉతకను పనికిరావా? మా ఇంట్లో బట్టలు ఉతికి నెలయింది. నా కోక నిలబెడితే నిలబడేటట్టుంది" అంది. అమ్మ వద్దనబోయింది. "వాసనొస్తాది వదినా." "ఇప్పుడేం మల్లెపూల వాసనొస్తాందా?" అని పోయింది. ఆమెను చూసి ఇంకొకరు, ఇంకొకరిని చూసి మరొకరు. నాయన ఎవరినీ కాదనలేదు, తగ్గినంత మళ్ళీ పోయించాడు. ఆ వారం మా వీధిలో ఆరేసిన ప్రతి చీరా తారు వాసన. బళ్ళో మా వీధి పిల్లలందరి దగ్గరా అదే వాసన. ఒక్కదాన్నే ఎగతాళి పడేదాన్ని, ఇప్పుడు వీధంతా పడింది. తర్వాతి కొళాయి రోజున అమ్మ పలక ముక్క రంగమ్మత్త చిలక పక్కన ఉంది. తామరపువ్వు ఎవరో మళ్ళీ గీసి ఉంచారు. గీత వంకరగా ఉంది. రంగమ్మత్తకు చిలక తప్ప ఇంకేం గీయడం రాదు.

ఆ రాత్రి అమ్మ ఎరువుల గోతాలు విప్పి కడిగి ఆరబెట్టి, కుట్టు మిషను ముందు కూర్చుంది. తెరచాప కుడుతోందని నాయనకు కూడా కాసేపటికి గానీ అర్థం కాలేదు. "నువ్వెందుకే" అన్నాడు. "ఇన్ని నీళ్ళు తాగింది. తేలకపోతే ఆ వీధిలో నేనెట్ల నిలబడేది?" అంది మిషను ఆపకుండా. పడవ నాయనది. తేలడం అమ్మకు కావాలి.

ఈసారి డప్పు లేదు, దండ లేదు. చెరువులో నీళ్ళు ఇంకా కొంత ఉన్నాయని విని ఇటుకల ట్రాక్టరు మాట్లాడుకొని తెల్లవారుజామున బయల్దేరాం. తమ్ముడిని రంగమ్మత్త ఇంట్లో వదిలాం. చెక్కలు ఆరిపోతాయని నాయన పడవలో సగం నీళ్ళు ఉంచాడు. దారి పొడుగునా నీళ్ళు చింది, మేం ఏ దారిన పోయామో కావాలంటే ఎవరైనా రోడ్డు చూసి చెప్పొచ్చు. చెరువు దగ్గర ఆ రోజు మబ్బు పట్టి ఉంది. వాన వచ్చే మబ్బు కాదు, ఊరికే కప్పుకున్న మబ్బు. ఎండ లేదు. నీళ్ళు తోడేసి, ట్రాక్టరు డ్రైవరు సాయంతో పడవను నీళ్ళలోకి నెట్టాం. నాయన తొమ్మిదో చెక్కను తాకి కళ్ళకు అద్దుకొని, కూర్చున్నాడు. అమ్మ వెనక కొసన కూర్చుంది. నేను ముందు కొసన.

తెడ్లు వెయ్యాలంటే కూర్చోవలసింది వెనక్కి తిరిగి అని నాయనకు అప్పుడే అనుభవంలోకి వచ్చింది. "ముందుకు పోవాలంటే వీపు అటు పెట్టాలంట" అన్నాడు. "నీ పనులన్నీ అట్లనే గదా ఉండేది" అంది అమ్మ. పడవ కదిలింది. అడుగు పొడిగానే ఉంది. ముగ్గురం అడుగునే చూస్తున్నాం. అంతలో కట్ట మీద ఒక ట్రాక్టరు ఆగింది. పెళ్ళికి పోతున్న జనం. అందులో మా ఊరివాళ్ళు ఉన్నారు. "రేయ్, పడవ శెట్టిరా!" అని కేక, తర్వాత ఈలలు. ఆడపిల్లల నవ్వులు కూడా వినిపించాయి. వాళ్ళలో నా తరగతి పిల్లలు ఉన్నారో లేదో నేను చూడలేదు. చూడకముందే కిందికి జారిపోయాను. అడుగున కాళ్ళు ముడుచుకొని పడుకొని, తల నాయన కూర్చున్న బల్ల కిందికి దూర్చి, ఓణీ మీదికి లాక్కున్నాను.

"ఏమైంది దానికి?" అన్నాడు నాయన.

"ఎండకు తల తిరిగినట్టుంది. పండుకోనీ" అంది అమ్మ.

ఓణీ సందులోంచి, బల్ల అంచు దాటి నాయన గడ్డం కనిపించింది. తల ఎత్తి మబ్బును చూశాడు. ఆ తర్వాత ఒడ్డుకు చేరేదాకా కిందికి చూడలేదు.

తెరచాప ఎత్తిన చప్పుడు విన్నాను. గోతాల గుడ్డ టపటపలాడి, ఉన్నట్టుండి బిగిసింది. కొండల సందులోంచి వచ్చే గాలి అది. పడవ ఒక పక్కకు ఒరిగి పరుగెత్తింది. చెవి కింద చెక్క, చెక్క కింద నీళ్ళు, ఆ నీళ్ళు గబగబా ఏదో చెప్పుకుంటూ పోతున్నట్టు చప్పుడు. "చూడు, చూడు" అంటున్నాడు నాయన. ఎవరిని చూడమన్నాడో తెలియదు. నేను చూస్తున్నది బల్ల అడుగును. తాత వేయించిన తొమ్మిది అంకె, దాని తోక దగ్గర రంగు కారి గడ్డకట్టిన చుక్క, పక్కన ఏళ్ళ తరబడి పెట్టిన పసుపు మరక. ఎంతసేపు పోయామో, ఎంత దూరం పోయామో తెలియదు. మధ్యలో అమ్మ గొంతు నుంచి ఒక చప్పుడు వచ్చింది, ఆగి ఆగి. ఏడుస్తోందనుకున్నాను. కట్ట మీది ఈలలకు ఆమె కూడా సిగ్గుతో చచ్చిపోతోందనుకున్నాను. ఓణీ ఇంకొంచెం మీదికి లాక్కున్నాను.

ఒడ్డు తగలగానే దూకి ట్రాక్టరు చాటుకు పోయాను. నాయన ఎవరితోనో మాట్లాడుతున్నాడు. పడవ లేకుండానే తిరిగి వచ్చాం. "ఆడ ఒకాయనకు అప్పజెప్పినా. మళ్ళీ పోదాం, నీళ్ళు నిండినాక" అన్నాడు. మళ్ళీ పోలేదు. చెరువు ఎండింది. నిండిన ఏడు దుకాణంలో తీరిక లేదు, తీరిక ఉన్న ఏడు నాయన మోకాళ్ళు బాగాలేవు. రమ్మని ఆయన మమ్మల్ని అడగలేదు. మేం అడిగి ఉండాల్సింది. వీధిలో మాత్రం అమ్మ, కొళాయి దగ్గర, "తేలింది" అని ఒక్క మాట చెప్పిందట. రంగమ్మత్త "తేలకేం జేస్తాది, మా అందరి నీళ్ళు తాగింది" అందట. పడవ శెట్టి పేరు మాత్రం నాయనతో పాటే పోయింది.

నేను ఊరు విడిచి పత్రికాఫీసులో చేరి, డెస్కు మీద జీవితం గడిపాను. ప్రతి ఎండాకాలం మా వైపు నుంచి ఒకే ఫొటో వచ్చేది, బిందెల వరస, ఆడవాళ్ళు, ఎండిన కొళాయి. దాని కింద రెండు ముక్కలు రాసి పేజీలో పెట్టడం నా పని. పెట్టే ముందు ప్రతిసారీ ఆ ఫొటో వెనక దొడ్లలోకి తొంగి చూసేదాన్ని. ఊరు పేరు అడిగితే చెప్పేదాన్ని, నాయన ఏం చేసేవాడంటే ఇనుప వ్యాపారం అనేదాన్ని. అక్కడికి ఆపేదాన్ని. ఇప్పుడు ఆ వీధిలో ఇంటింటి ముందు ప్లాస్టిక్ నీళ్ళ క్యాన్లు. ఎవరి నీళ్ళు వాళ్ళకు ఆటోలో వస్తాయి. వరసా లేదు, పలక ముక్కలూ లేవు. ఎవరి బిందెనూ ఎవరూ వెనక్కి నెట్టరు. ఒకరి గుర్తును ఇంకొకరు వంకరగా అయినా గీసి పెట్టరు. మేలో కీడో రంగమ్మత్తను అడగాల్సింది.

దొడ్డి ముందు మంచం మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పేరు గురవయ్య అని తర్వాత తెలిసింది. ఆయన కోడలు పైపుతో తొట్టిలో నీళ్ళు పెడుతోంది. "ఈ తొట్టి యాడిదన్నా?" అని అడిగాను.

"తొట్టి కాదమ్మా, పడవ అది. మార్కాపురం శెట్టిగారిది. చూస్తా ఉండు, మళ్ళీ వస్తానని ఇడిసిపెట్టి పోయినాడు. రాలే. చెరువు ఎండె, చెక్క నోరు తెరస్తా ఉండె. సూడలేక నీళ్ళు పోసినా. తారు వాసన పోయినాక గొర్రెలు ఊరుకుంటాయా?" అని నవ్వాడు.

"ఎండనియ్యం అక్కా" అంది కోడలు. "మా మామ ఊరికి పోయినా ఫోన్ జేసి అడుగుతాడు, పడవలో నీళ్ళుండాయా అని. మేం బాగుండామా అని అడగడు."

"అది తేలేదా అసలు?" అన్నాను.

"తేలేదా అంటావేందమ్మా! ఆ పొద్దు అవతలి గట్టున గొర్రెలు మేపతా ఉన్యా, తర్వాతే ఇటు తోలుకొచ్చినా. తెల్లగా గోతాల తెర ఎత్తుకొని, కొంగ మాదిరి వచ్చినాది. శెట్టిగారు, ఆయమ్మ. ఆయమ్మ తాడు పట్టుకొని నవ్వతా ఉంటే నా దాకా ఇనపడె. అట్ల నవ్వే ఆడమనిషిని ఈ చెరువు కాడ మళ్ళీ సూడలే."

"ఏడవలేదా?"

"ఏడుపుకీ నవ్వుకీ తేడా తెల్దా నాకు?"

కోడలు పైపు కట్టేసింది. గురవయ్య నన్ను ఎగాదిగా చూశాడు. "మీరు ఎవురమ్మా?"

"పడవ శెట్టి కూతుర్ని" అన్నాను. నా నోటితో నేను ఆ మాట అనడం అదే మొదలు.

ఆయన నమ్మలేదు. "ఆయనకు కూతురుండాదా?" అన్నాడు. "పడవలో ఇద్దరే గదా ఉన్నింది. నేను సూసినా గదమ్మా. ఇద్దరే."

కోడలితో అన్నాను. "ఆ బల్ల కింద చూడమ్మా. అడుగున తొమ్మిది అంకె ఉంటది. తోక దగ్గర రంగు గడ్డకట్టి ఉంటది."

ఆ అమ్మాయి చెంబు తీసి పక్కన పెట్టి, జుట్టు నీళ్ళలో తడవకుండా ఒక చేత్తో పట్టుకొని, వంగి వంగి బల్ల కిందికి తల పెట్టింది. వేలితో నాచు రుద్దింది. "ఉంది మామా" అంది లోపలి నుంచే. "తొమ్మిదే. చుక్క గూడా ఉండాది."

గురవయ్య మంచం మీది నుంచి లేచి వచ్చాడు. పడవను చూశాడు, బల్లను చూశాడు. "ఇన్నేండ్లుగా నాకే తెల్దే ఆడ అంకె ఉండాదని" అన్నాడు మెల్లగా. "దాని కింద పండుకుంటే గానీ అగుపడదు గదా అది."

నేను తల దించుకున్నాను. గొర్రె ఒకటి నా కాళ్ళను తోసుకుంటూ వచ్చి నీళ్ళు తాగుతోంది. గురవయ్య, కోడలికి చెప్తున్నట్టుగా అన్నాడు.

"ఆ పొద్దు ఎండ శానా ఉండెలే."